ఫిషింగ్ హార్బర్ నీటిలో బాక్టీరియా జనాభా: జన్యు వైవిధ్యం, పరిణామం, విస్తరణకు పాఠాలు

సారాంశం

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో సముద్రపు నీరు, నగరపు కాలువల నీరు, చేపలు రొయ్యల వ్యర్థాలు ఒకేచోట కలుస్తాయి. ఇటువంటి చోట్ల పెరిగే బాక్టీరియాను జాతి పేరుతో మాత్రమే గుర్తిస్తే వాటి స్వభావం సగమే తెలుస్తుంది. ఒకే జాతిలోని రెండు కణాలకు అనేక వందల జన్యువుల తేడా ఉండవచ్చు. ఆ జన్యువులు ఒక కణం నుంచి మరొక కణానికి, ఒక జాతి నుంచి మరొక జాతికి మారుతూ ఉంటాయి. సహజ జనాభాలలో వైవిధ్యం ఎలా పుడుతుంది, దానిని ఎలా కొలవాలి, రొయ్యల చెరువుకు, వరి పొలానికి, అపరాల సాగుకు దాని నుంచి గ్రహించవలసిన దేమిటి అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

1933లో ప్రారంభమైన విశాఖపట్నం నౌకాశ్రయాన్ని ఆనుకొని ఉన్న ఫిషింగ్ హార్బర్ తూర్పు తీరంలోని ప్రధాన చేపల రేవులలో ఒకటి. తెల్లవారకముందే మరపడవల నుంచి సరుకు దిగుతుంది. జెట్టీపై వేలం సాగుతుంది. ఐసు కరిగిన నీరు, తట్టలు కడిగిన నీరు, రొయ్యల తలలు, పెంకులు తిరిగి అదే నీటిలో చేరుతాయి. సాధారణంగా తీరప్రాంత సముద్రపు నీటిలో ఒక మిల్లీలీటరుకు సుమారు 10 లక్షల బాక్టీరియా ఉంటాయి. సేంద్రియ వ్యర్థాలు చేరే రేవు నీటిలో వాటికి ఆహారానికి కొదవ ఉండదు.

ఈ తీరపు బాక్టీరియా శాస్త్రలోకానికి కొత్తవి కావు. కిరణజన్య సంయోగక్రియ జరిపే ఊదారంగు బాక్టీరియాలలో రోడోవులమ్ విశాఖపట్నమెన్స్, రోజియోస్పైరా విశాఖపట్నమెన్సిస్ అనే రెండు జాతులకు ఈ నగరం పేరే పెట్టారు. మారిక్రొమేషియం భీమ్లికమ్ అనే జాతి భీమిలి పేరును మోస్తున్నది. ఈ మూడింటి వర్ణనలూ 2007లో హైదరాబాదు పరిశోధకుల కృషి ఫలితంగా వెలువడ్డాయి. అయితే కొత్త జాతికి పేరు పెట్టేటప్పుడు ఒకటి రెండు స్ట్రెయిన్‌లను ప్రమాణంగా తీసుకుంటారు. పేరు పెట్టడం మొదటి మెట్టు మాత్రమే. ఆ పేరు కింద ప్రకృతిలో ఎన్ని రకాల కణాలు బతుకుతున్నాయి, అవి పరస్పరం ఎలా మారుతున్నాయి అన్నది జనాభా జన్యుశాస్త్రం తేల్చవలసిన ప్రశ్న.

జాతి పేరు చెప్పేది, చెప్పనిది

వరిలో బి.పి.టి. 5204 అనగానే ఆ రకం గింజల జన్యు స్వరూపం దాదాపు ఒకటేనని వ్యవసాయ విద్యార్థి భావిస్తాడు. ఆ భావన బాక్టీరియాకు వర్తించదు. ఈషరీషియా కోలై జాతికి చెందిన 20 స్ట్రెయిన్‌ల పూర్తి జన్యుక్రమాలను 2009లో పోల్చిచూసినప్పుడు అన్నింటిలోనూ ఉన్న జన్యువులు 2,000 లోపే అని తేలింది. మొత్తం మీద కనిపించిన భిన్న జన్యువులు 17,000 పైచిలుకు. ఒక్కొక్క కణంలో ఉండేవి సుమారు 4,000 నుంచి 5,500 జన్యువులు. అంటే కణానికి తప్పనిసరి అయిన మూల జన్యువులు కొన్ని. అవసరాన్ని, అవకాశాన్ని బట్టి వచ్చి పోయేవి మిగిలినవి. విషం తయారుచేసేవి, యాంటిబయోటిక్‌ను తట్టుకునేవి, వేరు బుడిపెలను కలిగించేవి ఎక్కువగా ఈ రెండవ వర్గంలోనే ఉంటాయి.

సముద్ర తీరంలోనూ ఇదే స్థితి. అమెరికాలోని మసాచుసెట్స్ తీరంలో విబ్రియో స్ప్లెండిడస్ అనే బాక్టీరియాపై జరిగిన అధ్యయనం 2005లో వెలువడింది. ఆ ఒక్క జాతి సముదాయంలోనే కనీసం 1,000 భిన్న జన్యురూపాలు ఉన్నాయని, ఒక్కొక్క జన్యురూపం సగటున మిల్లీలీటరుకు ఒక కణం కన్నా తక్కువగా ఉన్నదని అందులో తేలింది. 2008లో అదే తీరంలో జరిగిన మరొక అధ్యయనం ఇంకొక విషయాన్ని చూపింది. విబ్రియోలు నీటిలో కలగాపులగంగా ఉండవు. కొన్ని విడిగా తేలుతూ, కొన్ని సూక్ష్మ రేణువులను అంటుకొని, కొన్ని జంతు ప్లవకాలపై చేరి బతుకుతాయి. రుతువు మారితే వాటి పాళ్లూ మారుతాయి. ఒకే సీసాలోని నీరు కూడా బాక్టీరియాకు ఒకే ఊరు కాదన్నమాట.

వైవిధ్యం పుట్టే మార్గాలు

మొదటిది ఉత్పరివర్తనం. బాక్టీరియాలో కణ విభజన ఒక్కొక్కసారి జరిగినప్పుడు కొత్త మార్పు వచ్చే అవకాశం స్వల్పం. సుమారు 1,000 విభజనలకు ఒకటి నుంచి మూడు మార్పులు. కాని సంఖ్యాబలం ఈ స్వల్పత్వాన్ని పూరిస్తుంది. మిల్లీలీటరు నీటిలోని 10 లక్షల కణాలు ఒక్కసారి విభజన చెందితే 1,000 నుంచి 3,000 కొత్త మార్పులు పుట్టవచ్చు. వాటిలో అధిక భాగం నిరుపయోగం లేదా హానికరం. ఏ కొద్దిపాటి వాటికో ఆ పరిసరాలలో మేలు కలుగుతుంది.

రెండవది జన్యువుల బదిలీ. ఇది తల్లికణం నుంచి పిల్లకణానికి దిగే వారసత్వం కాదు. పక్కనున్న కణం నుంచి వచ్చే చేబదులు. దీనికి మూడు దారులు ప్రసిద్ధం. పరిసరాలలో పడి ఉన్న డి.ఎన్.ఏ.ను కణం లోనికి తీసుకోవడం జన్యు పరివర్తన. దీనిని 1928లో గ్రిఫిత్ గుర్తించాడు. రెండు కణాలు తాకి ఒకదాని నుంచి మరొకదానికి డి.ఎన్.ఏ. సాగడం సంయుగ్మం, లెడర్‌బెర్గ్, టేటమ్ 1946లో దీనిని నిరూపించారు. బాక్టీరియాను ఆశించే వైరస్, అంటే బాక్టీరియోఫేజ్, జన్యువులను మోసుకుపోవడం ట్రాన్స్‌డక్షన్. జిండర్, లెడర్‌బెర్గ్ దీనిని 1952లో ప్రకటించారు.

ఈ బదిలీలు అరుదుగా జరిగే జనాభాలో ప్రతి వంశమూ తన ముద్రను చెడకుండా నిలుపుకుంటుంది; దానిని క్లోనల్ జనాభా అంటారు. బదిలీలు తరచుగా జరిగితే జన్యువులు పేకముక్కల వలె కలిసిపోతాయి. ఈ రెండింటికీ మధ్య మరొక స్థితి ఉన్నదని జాన్ మేనార్డ్ స్మిత్, ఆయన సహచరులు 1993లో వివరించారు. లోలోపల కలగలుపు సాగుతున్న జనాభాలోనే ఒక విజయవంతమైన కణం సంతతి హఠాత్తుగా పెరిగి, కొంతకాలం అంతా తానే అయినట్లు కనబడుతుంది. వ్యాధి ప్రబలినప్పుడు రోగుల నుంచి మాత్రమే నమూనాలు తీసినవారికి ఈ సంతతి ఒక్కటే కనిపిస్తుంది. దానిని కన్న విస్తారమైన జనాభా కనిపించదు.

రొయ్య పెంకు చేసే పని

ఫిషింగ్ హార్బర్‌కు సంబంధించినంతవరకు ఈ మూడు మార్గాలలో మొదటిదానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. రొయ్య, పీత పెంకులలోని ప్రధాన పదార్థం కైటిన్. కలరా కారక విబ్రియో కలరే కైటిన్‌పై పెరిగేటప్పుడు బయటి డి.ఎన్.ఏ.ను స్వీకరించే సామర్థ్యాన్ని పొందుతుందని 2005లో ప్రయోగపూర్వకంగా రుజువైంది. ఆ స్థితిలో అది పక్క కణాలను పొడిచి చంపే యంత్రాంగాన్ని కూడా ప్రయోగించి, పగిలిన కణం నుంచి వెలువడిన డి.ఎన్.ఏ.ను అందుకోగలదని 2015లో వెల్లడైంది.

దీనిని రేవు పరిస్థితికి అన్వయించి చూడాలి. పెంకు విబ్రియోకు ఆహారం. అంటిపెట్టుకొని ఉండటానికి ఆధారం. జన్యువుల మార్పిడికి వేదిక. పెంకుల కుప్పపై వివిధ విబ్రియోలు దగ్గరగా చేరుతాయి. రొయ్యల వ్యర్థాలను నీటిలోకి తోయడం దుర్గంధ సమస్య మాత్రమేనని భావించడం పొరపాటు. అది జన్యువుల కలయికకు అనువైన స్థితిని మన చేతులతో కల్పించడం కూడా. ఈ రేవులో అటువంటి బదిలీ ఏ మేరకు జరుగుతున్నదన్నది ఇక్కడి నమూనాలపై కొలిచి చెప్పవలసిన విషయం. జరగడానికి కావలసిన పరిస్థితులు మాత్రం నిస్సందేహంగా ఉన్నాయి.

బంగాళాఖాతం చెప్పిన సాక్ష్యాలు

1992 చివరలో మద్రాసులో కలరా కొత్త రూపంలో ప్రబలింది. అప్పటివరకు పెద్ద ఎత్తున కలరా కలిగించేది ఓ1 రకమే అన్న నమ్మకాన్ని ఈ ఓ139 రకం తలకిందులు చేసింది. బంగాళాఖాతపు తీరం వెంట కలకత్తా, బంగ్లాదేశ్‌ల వరకు వ్యాపించింది. అది ఎక్కడి నుంచో ఊడిపడిన కొత్త జాతి కాదు. అంతకుముందున్న ఓ1 ఎల్‌టార్ వంశపు కణంలో పైపొర నిర్మాణాన్ని నిర్ణయించే జన్యు సముదాయం మారిపోయి ఏర్పడిన రూపం. పైపొర మారడంతో, పాత రకానికి అలవాటుపడిన మానవ రోగనిరోధక శక్తి దానిని గుర్తించలేకపోయింది. అదే స్ట్రెయిన్‌లో ఎస్.ఎక్స్.టి. అనే చర జన్యుఖండం కనబడింది. సల్ఫమెథాక్సజోల్, ట్రైమెథోప్రిమ్, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్ మందులను తట్టుకునే జన్యువులు ఒక్క మూటగా అందులో ఉన్నాయి. కలరా విషపు జన్యువులు సైతం ఒక ఫేజ్ మోసుకొచ్చినవేనని 1996లో తేలింది.

రెండవ సాక్ష్యం విబ్రియో పారాహీమోలిటికస్. 1950లో జపానులో గుర్తించిన ఈ బాక్టీరియా సముద్ర ఆహారం ద్వారా విరేచనాలు కలిగిస్తుంది. 1996 ఫిబ్రవరి నుంచి కలకత్తాలో ఓ3:కె6 అనే సంతతి హఠాత్తుగా పెరిగింది. ఆ తరువాత అనేక ఖండాలలో కనబడింది. అయినప్పటికీ సముద్రపు నీటిలో, చేపలలో దొరికే పారాహీమోలిటికస్ కణాలలో అత్యధిక భాగానికి మానవ వ్యాధితో ముడిపడిన టి.డి.హెచ్. జన్యువు ఉండదు.

మూడవ సాక్ష్యం రొయ్యల రైతుకు ప్రత్యక్షంగా సంబంధించినది. 2009 నుంచి చైనా, వియత్నాం, మలేషియా, థాయిలాండ్‌లలో రొయ్య పిల్లలు చెరువులో వదిలిన కొద్దివారాలకే చనిపోసాగాయి. దీనికి కారణం పారాహీమోలిటికస్‌లోని కొన్ని స్ట్రెయిన్‌లేనని 2013లో నిర్ధారణ అయింది. ఆ స్ట్రెయిన్‌లలో సుమారు 70 వేల క్షారజంటల పొడవుగల ఒక ప్లాస్మిడ్ ఉన్నది; దానిపై పిర్-ఎ, పిర్-బి అనే రెండు విష జన్యువులు ఉన్నాయి. ప్లాస్మిడ్ ఉన్న కణం రొయ్య కాలేయ-క్లోమ గ్రంథిని నాశనం చేస్తుంది. అదే జాతికి చెందిన, ప్లాస్మిడ్ లేని కణం ఆ పని చేయదు. తరువాత ఈ ప్లాస్మిడ్ విబ్రియో కాంప్‌బెల్లీ వంటి ఇతర జాతులలోనూ కనబడింది.

ఈ జన్యువుల బంధుత్వం వ్యవసాయ శాస్త్రవేత్తకు ఆసక్తి కలిగిస్తుంది. ఇవి కీటకాలను చంపే ఫోటోరాబ్డస్ బాక్టీరియాలోని విష జన్యువులకు దగ్గరివి. ఫోటోరాబ్డస్ హెటిరోరాబ్డైటిస్ నులిపురుగుల కడుపులో ఉంటుంది. ఆ నులిపురుగులను జీవనియంత్రణలో వాడతారు. పిర్ విషపు ప్రోటీన్ల ఆకృతి బి.టి. బాక్టీరియాలోని క్రై ప్రోటీన్ల ఆకృతిని పోలి ఉన్నది. చేనులో పురుగును అదుపు చేసే విషానికీ, చెరువులో రొయ్యను చంపే విషానికీ ఉన్న ఈ పోలిక జన్యువుల సుదీర్ఘ ప్రయాణాన్ని సూచిస్తుంది.

ప్రకృతి వరణం: ఏది నిలుస్తుంది

వైవిధ్యం పుట్టడం ఒక ఎత్తు. నిలవడం మరొక ఎత్తు. రేవు నీటిలో ఉప్పదనం వేసవికీ వర్షాకాలానికీ మారుతుంది. పడవల అడుగున నాచు, ఆల్చిప్పలు పట్టకుండా రాగి కలిసిన రంగులు పూయడం ప్రపంచమంతటా ఉన్న ఆచారం. కాలువల నీటితో మనుషుల పేగులలోని బాక్టీరియా, వారు వాడిన మందుల అవశేషాలు చేరుతాయి. ప్రతి ఒత్తిడీ కొన్ని జన్యురూపాలను అణచి, కొన్నింటిని పైకి తెస్తుంది.

ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటున్నది. రాగిని తట్టుకునే జన్యువు, యాంటిబయోటిక్‌ను తట్టుకునే జన్యువు ఒకే ప్లాస్మిడ్‌పై ఉంటే, రాగి ఒక్కటే ఉన్నా రెండూ నిలుస్తాయి. మందు వాడకం ఆపినంత మాత్రాన నిరోధక జన్యువు వెంటనే మాయం కాకపోవడానికి ఇది ఒక కారణం. తోటలో కాపర్ ఆక్సీక్లోరైడ్‌ను పదేపదే పిచికారి చేసేటప్పుడు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

వైవిధ్యాన్ని కొలిచే పద్ధతి

విద్యార్థి చేపట్టే అధ్యయనంలో ఫలితాన్ని నిర్ణయించేది తొలుత నమూనా సేకరణే. రేవు నుంచి ఒక సీసా నీరు తెచ్చి, టి.సి.బి.ఎస్. అగార్‌పై పెంచి, పెద్దగా కనిపించిన ఒక కాలనీని ఎంచుకుంటే జనాభా గురించి ఏమీ తెలియదు. ఈ దిగువ జాగ్రత్తలు అవసరం.

మొదటిది, కనీసం మూడు స్థానాలు ఎంచుకోవాలి: సరుకు దిగే జెట్టీ పక్క నీరు, రొయ్యల వ్యర్థాలు చేరే చోటు, సరుకు దిగని దూరపు తీరం. రెండవది, నీటితోపాటు పెంకు ముక్కలపై అంటిన బాక్టీరియాను వేరుగా తీయాలి. మూడవది, జనాభా పాళ్లు తెలియవలసినప్పుడు ముందుగా ద్రవ మాధ్యమంలో పెంచరాదు. త్వరగా పెరిగే స్ట్రెయిన్ మిగిలినవాటిని మరుగుపరుస్తుంది. నాల్గవది, కాలనీలను కంటికి నచ్చినట్లు కాక, సంఖ్యలు వేసి యాదృచ్ఛికంగా ఎంచుకోవాలి.

కాలం విషయంలో తూర్పు తీరంలో ఒక సదుపాయం ఉన్నది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. జెట్టీకి వచ్చే సరుకు, దానితో వ్యర్థాలు బాగా తగ్గుతాయి. నిషేధానికి ముందు, మధ్యలో, తరువాత నమూనాలు తీస్తే ఆ తగ్గుదల ప్రభావాన్ని పరిశీలించవచ్చు. అయితే ఇదే కాలంలో ఎండలు ముదిరి, ఆ తరువాత నైరుతి వర్షాలు వస్తాయి. కనుక సరుకు దిగని తీరపు నమూనాలతో పోల్చకుండా, కనిపించిన మార్పునంతా నిషేధానికే ఆపాదించరాదు.

ఎంచుకున్న కాలనీలను బహుస్థాన జన్యుక్రమ వర్గీకరణ ద్వారా పోల్చవచ్చు. 1998లో రూపొందిన ఈ పద్ధతిలో కణానికి తప్పనిసరి అయిన కొన్ని జన్యువుల, సాధారణంగా ఏడింటి, క్రమాలను చదివి, ప్రతి భిన్న క్రమానికీ ఒక సంఖ్య ఇస్తారు. ప్రతి జన్యువు వద్ద వైవిధ్యాన్ని ఈ విధంగా లెక్కిస్తారు: ఒక్కొక్క యుగ్మవికల్పకం పౌనఃపున్యాన్ని వర్గం చేసి, వర్గాల మొత్తాన్ని 1 నుంచి తీసివేసి, వచ్చినదానిని నమూనా సంఖ్యతో గుణించి, నమూనా సంఖ్యలో ఒకటి తక్కువైన సంఖ్యతో భాగించాలి.

పాఠం కోసం ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఒక స్థానంలోని 20 కాలనీలలో నాలుగు యుగ్మవికల్పకాలు 8, 6, 4, 2 చొప్పున ఉన్నాయి. పౌనఃపున్యాలు 0.4, 0.3, 0.2, 0.1, వర్గాల మొత్తం 0.30, మిగిలినది 0.70, 20తో గుణించి 19తో భాగిస్తే వైవిధ్యం 0.74. మరొక స్థానంలో అవే నాలుగూ 17, 1, 1, 1 చొప్పున ఉన్నాయి. వర్గాల మొత్తం 0.73, వైవిధ్యం 0.28. రెండుచోట్లా ఉన్న రకాలు నాలుగే. కాని రెండవచోట ఒక సంతతి మిగిలినవాటిని అధిగమించింది. రకాలను లెక్కపెట్టడానికీ వైవిధ్యాన్ని కొలవడానికీ తేడా ఇక్కడ స్పష్టమవుతుంది. ఆ ఆధిక్యానికి కారణం ఏమిటన్నది ఈ సంఖ్య చెప్పదు. దానికి ప్లాస్మిడ్‌లను, నిరోధక జన్యువులను వేరుగా పరీక్షించాలి.

రేవు నుంచి పొలానికి

రేవులో కనిపించే సూత్రాలే నేలలోనూ పనిచేస్తాయి. న్యూజిలాండ్‌లో లోటస్ అనే పశుగ్రాసపు మొక్కకు సరిపడే రైజోబియం లేని భూమిలో ఒకే స్ట్రెయిన్‌తో విత్తనశుద్ధి చేసి సాగు ప్రారంభించారు. ఏడేళ్ల తరువాత చూస్తే వేరు బుడిపెలలో అనేక భిన్న స్ట్రెయిన్‌లు కనిపించాయి. వదిలిన స్ట్రెయిన్ నుంచి సుమారు 5 లక్షల క్షారజంటల సహజీవన జన్యుఖండం స్థానిక నేల బాక్టీరియాలోకి చేరిందని 1995, 1998 సంవత్సరాలలో వెలువడిన పరిశోధనలు తేల్చాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో బిసెరులా అనే మరొక పశుగ్రాసపు మొక్క విషయంలోనూ ఇటువంటి బదిలీయే జరిగింది. కాని అక్కడ కొత్తగా ఏర్పడిన స్ట్రెయిన్‌లలో కొన్ని బుడిపెలను కలిగించినా నత్రజనిని సరిగా స్థిరీకరించలేకపోయాయి. కావున వేరుశనగ, కంది, మినుము పైర్లలో బుడిపెల సంఖ్య చూసి తృప్తిపడరాదు; బుడిపెను కోసి లోపలి గులాబీ రంగును, పైరు పెరుగుదలను కూడా పరిశీలించాలి.

వరిలో బాక్టీరియా ఎండాకు తెగులు మరొక పాఠం. తెగులు కారక జాంతోమోనాస్ జనాభాలు ప్రాంతానికి ఒక తీరుగా ఉంటాయి. ఒకే నిరోధక జన్యువున్న రకాన్ని విస్తారంగా సాగుచేస్తే, దానిని దాటగల బాక్టీరియా సంతతికి దారి దొరుకుతుంది. బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరికి ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అనే మూడు జన్యువులను చేర్చి, హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, సి.సి.ఎం.బి. కలిసి రూపొందించిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. మూడు అడ్డంకులనూ ఒకే కణం ఒకేసారి దాటడం ఒక్క అడ్డంకిని దాటడం కన్నా ఎంతో అరుదు. బాక్టీరియా జనాభా వైవిధ్యాన్ని గుర్తెరిగి రకాన్ని రూపొందించడానికి ఇది మన కళ్లెదుట ఉన్న ఉదాహరణ.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచనలు

1. రొయ్యల చెరువు నీటిని టి.సి.బి.ఎస్. అగార్‌పై పెంచి, ఆకుపచ్చ కాలనీలు చెడ్డవి, పసుపుపచ్చవి మంచివి అని నిర్ణయించడం సాగు ప్రాంతాల్లో వాడుకలో ఉన్నది. ఆ రంగు తెలిపేది సుక్రోజ్ చక్కెరను వాడుకోగల శక్తిని మాత్రమే. కలరా కారకం సైతం పసుపు కాలనీలనే ఇస్తుంది. రొయ్య పిల్లల మరణాలపై అనుమానం ఉన్నప్పుడు పిర్ జన్యువులకు పి.సి.ఆర్. పరీక్ష చేయించమని సలహా ఇవ్వాలి.

2. చెరువులో యాంటిబయోటిక్ వాడరాదని చెప్పేటప్పుడు ఎగుమతి సరుకు తిరస్కరణకు గురవుతుందన్న కారణంతో ఆపరాదు. మందు వ్యాధికారక కణాన్ని మాత్రమే కాక నీటిలోని సమస్త బాక్టీరియానూ తాకుతుంది. తట్టుకున్న కణాల జన్యువులు చెరువు నీటితో కాలువకు, కాలువతో సముద్రానికి చేరుతాయి. ఒకరి చెరువులో చేసిన ఎంపిక పక్కవారి చెరువుకూ చేరుతుందని రైతులకు వివరించాలి.

3. రొయ్యల తలలు, పెంకులను నీటిలో వేయకుండా సేకరించి కైటిన్, కైటోసాన్ తయారీకి లేదా చక్కగా కుళ్లబెట్టి ఎరువుకు మళ్లించడాన్ని ప్రోత్సహించాలి.

4. వరి పొలంలో ఎండాకు తెగులు కనిపించగానే యాంటిబయోటిక్ పిచికారీని సూచించే అలవాటును మార్చుకొని, నిరోధక రకాలు, నత్రజని మోతాదు తగ్గింపు, నీటి యాజమాన్యం ముందుంచాలి.

5. పరీక్ష నివేదికలో జాతి పేరుతోపాటు ఏయే జన్యువులకు పరీక్షించారు, ఎన్ని కాలనీలను పరీక్షించారు అన్న వివరాలు అడిగి తెలుసుకోవాలి.

ముగింపు

సహజ జనాభాలలో బాక్టీరియా పరిణామం యుగాల వ్యవహారం కాదు. ఒక పంటకాలంలో, కొన్నిసార్లు అంతకన్నా త్వరగా, ఫలితం చూపగల ప్రక్రియ. ఫిషింగ్ హార్బర్ నీటిలో ఉన్నది ఏ బాక్టీరియా అన్న ప్రశ్నకు తోడు, దాని వద్ద ఏ జన్యువులున్నాయి, అవి ఎవరి నుంచి వచ్చాయి, మన చర్యలు వాటిలో వేటిని నిలుపుతున్నాయి అన్న ప్రశ్నలు కూడా వేసుకోవాలి. రేవులోనైనా, చెరువులోనైనా, పొలంలోనైనా ఈ ప్రశ్నలకు జవాబు దొరికిన మేరకే రైతుకిచ్చే సలహా నిలకడగా ఉంటుంది.